పదహారు మెగాపిక్సెళ్లు, మూడు పచ్చబొట్లు

మా కుర్రతనంలో మనిషి విలువైనా, వస్తువు విలువైనా అంకెల్లోనే చెప్పుకునేవాళ్లం. పరీక్షలో ఎన్ని మార్కులు, బండి ఎన్ని సీసీ, ఫోన్లో ఎన్ని పాటలు పడతాయి, ఇంటి మీద టీవీ గొడుగుకు ఎన్ని చానళ్లు వస్తాయి. అంకె పెద్దదైతే వస్తువు మంచిది, ఆ వస్తువు చేతిలో ఉన్నవాడు గొప్పవాడు. ఇందులో అనుమానానికి తావుందని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినే వయసు కాదు. (ఇప్పుడైనా వింటున్నానా అంటే, ఆ విషయంలో మా ఇంట్లో ఏకాభిప్రాయం లేదు.) అలాంటి రోజుల్లో, డిగ్రీలో రెండు సబ్జెక్టులు నన్ను వదిలేది లేదని మొండికేసిన ఏడాది, మా అమ్మ నన్ను బూర్గంపాడులో ఫొటో స్టూడియో నడుపుతున్న తన తమ్ముడి దగ్గరికి పంపింది. "ఖాళీగ కూసుంటే బుర్ర పాడైతది, మామ కాడ పని నేర్చుకో" అంది. నేను మాత్రం నేర్చుకోవడానికి కాదు, నేర్పడానికి వెళుతున్నాననే అనుకున్నాను. ఎందుకంటే నా చొక్కా జేబులో, ఇంట్లో నెల రోజులు పేచీ పెట్టి కొనిపించుకున్న వెండిరంగు డిజిటల్ కెమెరా ఉంది. దాని నెత్తిన మెరిసే అక్షరాలతో పదహారు మెగాపిక్సెళ్లు అని రాసి ఉంది.

మా మామ మాటకు పిసినారి. ఆయన కెమెరా ఆయనకంటే పాతది అనిపించేది. నల్లగా, లావుగా, పట్టుకునే చోట రబ్బరు ఊడిపోతే సైకిల్ ట్యూబు ముక్క అతికించి ఉండేది. మీట నొక్కితే తలుపు గడియ పడ్డట్టు టప్పున చప్పుడయ్యేది. మొదటి రోజే నేను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, డాక్టరు రోగిని అడిగినట్టు అడిగాను.

"మామా, నీదెంత?"

"ఏంది ఎంత?"

"మెగాపిక్సెల్."

"ఆరు."

"నాది పదహారు."

మామ ఒకసారి నన్ను, ఒకసారి నా కెమెరాను చూశాడు. "మంచిది అల్లుడా. జేబు గుండీ పెట్టుకో, వంగితే కింద పడ్తది" అన్నాడు. ఓటమిని ఇంత మర్యాదగా ఒప్పుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఇక ఆ రోజు నుంచి స్టూడియోకు పాస్‌పోర్టు ఫొటోకు వచ్చినవాళ్లకు, ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్లకు, చివరికి బస్సు కోసం చూస్తూ మా అరుగు మీద కూర్చున్నవాళ్లకు కూడా లెక్క విడమరిచి చెప్పేవాణ్ని. "ఒక మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలండీ. మా మామ కెమెరాలో అరవై లక్షలు. నా దాంట్లో కోటీ అరవై లక్షలు." కోటి అన్న మాట వినగానే జనం ముఖాల్లో వచ్చే మర్యాద నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఆ చుక్కలన్నీ ఎంత జాగాలో కూర్చుంటాయని ఒక్కరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

మిరప కోతలు జోరుగా ఉన్న రోజుల్లో ఒక సోమవారం, మామ నేలకొండపల్లిలో ఏదో పెళ్లికి మూడు రోజుల పని మీద వెళ్లాడు. వెళుతూ వెళుతూ, "పాస్‌పోర్టు ఫొటోలు తియ్యి, జిరాక్సులు కొట్టు. పెద్ద పని ఏదన్న వస్తే నేనొచ్చినంక చూద్దామను" అని రెండుసార్లు చెప్పాడు. ఆయన ఎక్కిన బస్సు మలుపు తిరిగిందో లేదో, పెద్ద పని మోటారు సైకిలు మీద వచ్చి మా ముందు ఆగింది. వచ్చినాయన గోదావరి ఒడ్డున మిరప వేసే రైతు. యాభై దాటిన మనిషి. బట్టల మీద, మీసాల మీద సన్నటి ఎర్ర దుమ్ము. ఆయన కూర్చోగానే నాకు రెండు తుమ్ములు వచ్చాయి.

"తమ్మీ, మా అమ్మ ఫొటో కావాలె. గోడకు పెట్టే సైజు. జల్దీ కావాలె" అన్నాడు.

"అయ్యో, ఎప్పుడు పోయారండీ?" అన్నాను, ముఖాన్ని వీలైనంత విచారంగా పెట్టి.

"పోవుడేంది! మంచిగున్నది. ఫొటో తెమ్మని ఆమెనే పంపింది."

సంగతి ఏమిటంటే, ఆ అవ్వకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఏళ్ల తరబడి అంతా పొగమంచే. పది రోజుల కిందట ఖమ్మంలో ఒక కంటికి ఆపరేషన్ చేయించారు. కట్టు విప్పి ఇంటికి తీసుకొస్తే, లోపలికి అడుగు పెడుతూనే ఆమె కొత్త కంటికి మొట్టమొదట కనిపించింది గోడ మీద ఆమె భర్త ఫొటో. ఆయన పోయినప్పుడు ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేకపోతే, రేషన్ కార్డులో గోరంత బొమ్మను ఎవరికో ఇచ్చి పెద్దది చేయించారట. చేసినవాడు కనబడనివన్నీ సొంతంగా గీశాడు. తల దువ్వాడు, కనుబొమలు కలిపాడు, పుట్టి బుద్ధెరిగి కోటు ముట్టని మనిషికి నీలం కోటు తొడిగాడు. అవ్వ మసక కళ్లతో ఇన్నేళ్లూ దానికే దీపం పెట్టింది. ఆ రోజు తేరిపార చూసి, "ఈయనెవర్రా?" అని అడిగిందట.

"ఇగ గప్పటి సంది ఒకటే లొల్లి" అన్నాడు రైతు. "నేను సచ్చినంక నన్ను గూడ గిట్లనే చేస్తరు, నేనుండంగనే ఫొటో తీపియ్యాలె, నా కన్నుతోని చూసి అవ్ అన్నంకనే గోడకెక్కాలె అంటది. వచ్చే సోమవారం రెండో కంటికి రమ్మన్నరు. ఫొటో కానిది దవాఖానకు రాను, బండే ఎక్కనంటది. ఆ కన్ను ముదిరిపోయిందని డాక్టరు ముందే చెప్పిండు. గా రోజు తప్పితే ఆ కన్ను ఆగమైతది తమ్మీ."

ఒక ముసలమ్మ కన్ను నా చేతిలో ఉంది. మామ చెప్పిన మాట గుర్తుకు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. కానీ జేబులో కోటీ అరవై లక్షలున్నవాడు బుధవారం దాకా ఎందుకు ఆగాలి? స్టూడియో షట్టరు సగం దించి, రైతు బండి వెనక ఎక్కాను.

వాళ్ల వాకిలి నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. బయటి ఎండకు ఆ ఎరుపు కళ్లల్లో పొడుచుకుంటోంది. ఫొటోకు అంతకంటే మంచి వెలుగు ఉండదు. కానీ అవ్వ బయటికి రాదు. వస్తే నల్లద్దాలు పెట్టుకోవాలని డాక్టరు చెప్పాడు. "నల్లద్దాలతోని గోడకెక్కితే వచ్చేటోళ్లు దండం పెడ్తరా, నవ్వుతరా?" అంది. పోనీ లోపల ఫ్లాష్ వేద్దామంటే, కంట్లో మెరుపు పడొద్దని కొడుకు అడ్డం పడ్డాడు. చివరికి నడిమింట్లో, ఆమె రోజూ కూర్చునే పీట మీద, తలుపు సందులోంచి వచ్చే ఆ కాస్త వెలుగులో తీయాలని తేలింది. ఆ గదిలో గోడకున్న క్యాలెండరులో బొమ్మ ఏమిటో కూడా నాకు కనబడలేదు.

అవ్వ నల్లద్దాలు తీసి, కొంగు సర్దుకుని, గడ్డం కొంచెం పైకెత్తి నాకు చూపించింది. "పిలగా, గివి కనపడాలె."

దగ్గరికి వంగితే కనిపించాయి. గడ్డం మీద ముక్కోణంలో మూడు పచ్చబొట్టు చుక్కలు. ఒక్కొక్కటి జొన్నగింజ కంటే చిన్నది.

"ఏడేండ్లప్పుడు పొడిపిచ్చిండ్రు. సూదితోని కస్సు కస్సున పొడుస్తుంటే ఊరంత ఇనేటట్టు ఏడ్చిన. మా అవ్వ ఏమన్నదో ఎర్కనా? సొమ్ములు దొంగలు పట్కపోతరు, భూమి కొడుకులు పంచుకుంటరు, సచ్చినంక నీతోని వచ్చేటివి గీ మూడు చుక్కలేనే పిల్లా, ఓర్సుకో అన్నది. ఓర్సుకున్న. గందుకే గివి కనపడాలె."

నాకు నవ్వొచ్చింది. "అవ్వా, నా కెమెరాలో కోటీ అరవై లక్షల చుక్కలు పడతాయి. నీ మూడు చుక్కలు ఒక లెక్కా?" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో వినబడుతూనే ఉంటుంది, నా గొంతుతోనే.

చేత్తో పట్టుకుని నలభై ఫొటోలు తీశాను. కెమెరా తెలివైనది. గది చీకటిగా ఉందని తనంతట తానే గ్రహించి, వెలుతురు పెంచుకుని, వెనక ఉన్న బుల్లి తెర మీద అవ్వ ముఖాన్ని కంటికి కనబడే దానికంటే కాంతిగా చూపించింది. కొడుకు చూసి, "అబ్బో, మంచిగొచ్చింది తమ్మీ" అన్నాడు. అవ్వకు చూపిస్తే, "గోరంత బొమ్మల నేనేం చూస్త? గోడకు పెట్టేంత చేసి తే" అంది. వాటిలో ఒకటి ఎంచి, సీడీలో వేసి, ఖమ్మంలో ప్రింట్లు వేసే ల్యాబుకు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాను. బుధవారం సాయంత్రం ప్రింటు గొట్టంలో చుట్టి అదే బస్సులో వచ్చింది. విప్పి చూశాను. ఏదో తేడాగా ఉంది. వెనక గోడ మీద ఎర్రటి, నీలి చుక్కలు రవ్వలా చల్లినట్టున్నాయి. చీర అంచు కలిసిపోయింది. ముఖం మాత్రం నున్నగా, కొత్తగా సున్నం వేసినట్టుంది. ముడతలు మాయం. మంచిదేగా, ముసలమ్మకు ఇరవై ఏళ్లు తగ్గించాను, ఎవరైనా సంతోషిస్తారు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మామ ఆ రాత్రికి తిరిగొస్తాడని తెలిసి కూడా, ఆయన కంట పడకుండా ఫ్రేము కట్టించి, గురువారం పొద్దున్నే తీసుకెళ్లాను.

అవ్వ ఫ్రేమును పీట మీద నిలబెట్టించి, శుక్లం ఉన్న కంటిని అరచేత్తో మూసుకుని, కొత్త కంటితో దగ్గరగా వచ్చింది. నేను మెచ్చుకోలు కోసం చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"గోడకు గీ చీమలేందిరా?"

"చీమలు కావు అవ్వా, అది కొంచెం ల్యాబు వాళ్ల..."

"మొఖానికి పిండి ఎవరు రాసిండ్రు?"

"పిండి కాదు..."

ఆమె చూపుడు వేలు అద్దం మీద కళ్ల నుంచి ముక్కు మీదికి, ముక్కు నుంచి గడ్డం మీదికి దిగింది. అక్కడ ఆగింది. అద్దం మీద మురికేమో అని కొంగుతో తుడిచింది. మళ్లీ చూసింది.

"నా బొట్లేవి?"

నేనూ వంగి వెతికాను. కొడుకూ వంగాడు. కోటీ అరవై లక్షల చుక్కల్లో అవ్వకు కావలసిన మూడు చుక్కలు లేవు. ఆమె తిడుతుందని, అరుస్తుందని భయపడ్డాను. "సచ్చినా పోవన్నరు. బతికుండంగనే తీసేసినవ్ బిడ్డా" అని మాత్రం అంది, నెమ్మదిగా. ఫ్రేమును గోడ వైపు తిప్పి పెట్టింది. తర్వాత కొడుకుతో, "సోమవారం లేదు ఏం లేదు. ఒక్క కన్ను చాలు నాకు, గిసొంటివి చూసుటానికి" అని లోపలికి వెళ్లిపోయింది. కొడుకు నన్ను బండి మీద దింపుతానని కూడా అనలేదు. ఊరి చివర దాకా నడిచి ఆటో పట్టుకున్నాను. ఆ దారంతా నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

మామకు అంతా చెప్పాను, తప్పు ల్యాబుదని మొదలుపెట్టి, సగంలో ఆపి, మళ్లీ మొదటి నుంచి. ఆయన తిట్టలేదు. (తిట్టి ఉంటే అరగంటలో అయిపోయేది. తిట్టకపోవడం వల్ల పదిహేనేళ్లయినా కాలేదు.) లేచి, ఫిల్ములు కడిగే రోజుల నాటి వెనక గదిలోకి తీసుకెళ్లాడు. కిటికీ రెక్క ఒకటి కొద్దిగా తెరిచి, స్టాండు నిలబెట్టి, తాను ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

"ముందు నీ దానితోని తియ్యి. కదలకుండ స్టాండుకే బిగించు. తర్వాత నా దానితోని తియ్యి. గదే జాగ, గదే వెలుగు."

తీశాను. రెండూ కంప్యూటర్లో పక్కపక్కన పెట్టి, పెద్దవి చేసి చూపించమన్నాడు. తెరకు సరిపడేంత సైజులో నా ఫొటోయే బాగుంది, కాస్త ధైర్యం వచ్చింది. పెద్దది చేస్తూ పోయేకొద్దీ ఆ ధైర్యం జారిపోతూ వచ్చింది. మామ మీసంలో తెల్ల వెంట్రుకలు, నల్ల వెంట్రుకలు కలిసి బూడిదరంగు ముద్ద అయ్యాయి. చొక్కా గళ్లు చెరిగిపోయాయి. నీడ పడ్డ చెంప మీద ఎర్ర చుక్కలు, పచ్చ చుక్కలు. ఆరు మెగాపిక్సెళ్ల దాంట్లో మాత్రం అంత పెద్దది చేసినా వెంట్రుక వెంట్రుకగా, నూలు నూలుగా ఉంది.

"నా మీసం యాడికి పాయె అల్లుడా?" అన్నాడు మామ. ఆయన జోకు వేయడం నేను చూసిన మొదటిసారి అదే.

తర్వాత తన కెమెరా లెన్సు విప్పి, లోపలి అద్దం లేపి చూపించాడు. లోపల పోస్టల్ స్టాంపంత పలక ఒకటి మెరుస్తోంది. "గిదే సెన్సరు. పాత కెమెరాల ఫిల్ము ఉండే జాగల గిది కూసున్నది. నీ దాంట్ల గిది ఎంతుంటదో తెల్సా? నా చిటికెన వేలు గోరంత ఉండదు" అన్నాడు. నాకు అప్పటికీ పూర్తిగా ఎక్కలేదు. చిన్న జాగాలో ఎక్కువ చుక్కలు పెట్టడం గొప్పే కదా అన్నాను. మామ తనకు తెలిసిన దారిలో వచ్చాడు.

"ఇప్పపువ్వు ఏరేటోళ్లను చూసినవ్ గద. చెట్టు కింద జాగ ఊడ్సి పెట్టుకుంటరు, పొద్దుగాల పువ్వు రాలుతది. ఒకడు వాకిలంత ఊడ్సిండు, ఒకడు చాపంత ఊడ్సిండు. ఎవనికి ఎక్కువొస్తది?"

"వాకిలంత ఊడ్చినోడికి."

"అవ్. వెలుగు అంటే పువ్వనుకో. నాది వాకిలి, ఆరు గంపలు పెట్టిన. నీది చాప, దాని మీద పదహారు గంపలు ఇరికిచ్చినవ్. పువ్వు మస్తుగ రాలిన నాడు, ఎండల తీసినప్పుడన్నట్టు, నీ గంపలు గూడ నిండుతయ్. ఫరక్ తెల్వది. పువ్వు తక్కువ రాలిన నాడు?"

"నా గంపల్లో అడుగున రెండో మూడో పడతాయి."

"గంప ఖాళీగ తేలేక నీ కెమెరా ఏం చేసింది? కింద ఉన్న ఆకు, అలము, పుల్ల అన్ని కలిపి నింపుకొచ్చింది. గవే నీ ఎర్ర చుక్కలు. ఇంటికొచ్చినంక చెత్త ఏరుడు మొదలువెట్టింది. తెలివైన కెమెరా గద, చిన్నగ కనపడ్డదల్ల చెత్తే అనుకున్నది. ఏరుకుంట ఏరుకుంట అవ్వ బొట్లు గూడ ఏరి పారేసింది."

చాలామంది చాలా ఇంగ్లీషు పుస్తకాలు చదివి చెప్పినదాన్ని నేను తర్వాత విన్నాను. ఇంతకంటే తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. నేను తల దించుకుని, "అయితే రేపు నువ్వెళ్లు మామా" అన్నాను. ఆయన తన కెమెరాను, సైకిల్ ట్యూబుతో సహా, నా మెడలో వేశాడు. "చెడగొట్టినోడే బాగు చెయ్యాలె. స్టాండు మర్చిపోకు. కెమెరా చీకట్ల తొందరపడొద్దు, నువ్వు గూడ."

శుక్రవారం పొద్దున అవ్వ నన్ను చూసి ముఖం తిప్పుకుంది. ఆమె ముందు నేల మీద కూర్చున్నాను. "తప్పు కెమెరా డబ్బాది కాదు అవ్వా, నాది. ఇంకొక్కసారి కూర్చో" అన్నాను. అవ్వ నా మెడలోని నల్లటి బరువును ఓరగా చూసింది.

"గీ డబ్బ ఎన్ని చుక్కలది?"

అబద్ధం చెప్పే ధైర్యం లేదు. "అరవై లక్షలవ్వా."

"తగ్గినయేందిరా?"

"తగ్గినయి. కానీ ఒక్కో చుక్క పెద్దది. దేనికదే నిండా వెలుగు పట్టుకుంటది."

అవ్వ గడ్డం తడుముకుంది. "గట్ల చెప్పు మరి. నాయి గూడ మూడే" అంటూ పీట మీదికి వచ్చి కూర్చుంది.

అదే చోటు, అదే తలుపు సందు, అదే వెలుగు. కెమెరాను స్టాండుకు బిగించి, "నేను చెప్పేదాకా కదలొద్దవ్వా" అన్నాను. కెమెరా కన్ను ఒక క్షణంలో చిన్న ముక్కసేపు తెరిచి ఉంటే చాలు. కానీ ఆ మాట ఆమెకు చెప్పడం మరిచాను. టప్పుమని చప్పుడయ్యాక నేను ఫొటో సరిచూసుకుంటూ, కొడుకుకు చూపించుకుంటూ ఉండగా, ఆయన ఉన్నట్టుండి "అమ్మా!" అని అరిచాడు. అవ్వ ఇంకా అలాగే ఉంది, ఊపిరి బిగబట్టి, కళ్లు కూడా ఆర్పకుండా. "ఊపిరి తీసుకో అవ్వా, అయిపోయింది!" అన్నాను. ఆమె పెద్దగా ఊపిరి వదిలి, "ముందుగాల చెప్పొద్దా, గోడకు ఇయ్యాల్నే ఎక్కిస్తుంటివి" అంది. వారం రోజుల్లో ఆ ఇంట్లో నవ్వడం అదే మొదటిసారి.

ప్రింటు శనివారం బస్సులో వచ్చింది. ఈసారి మామ విప్పి చూసి, తిరిగి చుట్టి నా చేతికిచ్చాడు. ఆదివారం పొద్దున నేను ఫ్రేము మోసుకుని వెళ్లేసరికి ఖమ్మం వెళ్లడానికి సంచి సర్ది గుమ్మం దగ్గర పెట్టి ఉంది. వెళ్లేదీ లేనిదీ మాత్రం నా చేతిలో ఉన్న ఫ్రేము చెప్పాలి. అవ్వ మళ్లీ ఒక కన్ను మూసుకుని దగ్గరికి వచ్చింది. వేలు నేరుగా గడ్డం మీదికే వెళ్లింది.

"ఒకటి. రెండు. మూడు."

నేను ఊపిరి వదిలాను. కొడుకు సంచి వైపు అడుగు వేశాడు. కానీ ఆమె వేలు అక్కడ ఆగలేదు. గడ్డం నుంచి చెంప మీదికి వెళ్లింది. చెంప మీద ముడతలు ఒక్కొక్కటి వెంటబడి నుదుటి దాకా వెళ్లింది. నుదుటి మీంచి పలచబడ్డ జుట్టు మీదికి వెళ్లింది. అప్పుడు అర్థమైంది నాకు, నేను ఎంత పని చేశానో. ఆమె తన ముఖాన్ని సరిగ్గా చూసుకుని ఎన్నో ఏళ్లయింది. అద్దంలో కూడా ఇన్నాళ్లూ పొగమంచే, కొత్త కన్ను వచ్చాక అద్దం ముందుకు పోయినట్టు లేదు. ఆమెకు గుర్తున్న ముఖం వేరు. ఈ ఆరు మెగాపిక్సెళ్లు దేన్నీ దాచలేదు, దేన్నీ తుడవలేదు.

"గింత ముసల్దాన్నయిన్నా నేను?" అంది. తర్వాత కొడుకు వైపు తిరిగి, "గిట్ల ఎప్పుడైనరా? ఒక్కడన్న చెప్పలేదేంది?"

కొడుకు వాకిట్లో మిరపకాయల వైపు చూస్తూ నిలబడ్డాడు. పాడైన ఫొటోయే ఆమెకు దయగా ఉండేదేమో అనిపించింది. అయినా నా నోరు ఊరుకుంటుందా? "అవ్వా, కంప్యూటర్ల పెట్టి ముడతలు కొంచెం తగ్గించుకొస్తా. సాయంత్రానికల్లా..." అన్నాను.

"తగ్గిస్తే బొట్లు మళ్ల పోతయా?"

"పోకుండ చూస్తా. కానీ..."

ఆమె ఫొటోను ఇంకొకసారి, పై నుంచి కింది దాకా, తొందర లేకుండా చూసింది. ఈసారి ఆ కంట్లో భయం లేదు. సంతలో తన గొడ్డును తాను గుర్తుపట్టిన మనిషిలా ఉంది.

"ఉండనీ బిడ్డా. గీ ముడతలు గూడ నొప్పికి ఓర్సి పొడిపిచ్చుకున్నయే" అంది. కొడుకుతో, "ఏం చూస్తున్నవ్, మేకు కొట్టు. రేపు జల్దీ పోవాలె" అని సంచి ముడి బిగించింది.

సోమవారం రెండో కంటికి ఆపరేషన్ జరిగింది, బాగా జరిగింది. రెండు కళ్లతో చూసి కూడా ఫొటో మంచిగనే ఉందని కబురు పంపింది. నా డిగ్రీ సబ్జెక్టులు ఆ తర్వాతెప్పుడో నన్ను వదిలాయి, స్టూడియో మాత్రం వదల్లేదు. ఇప్పుడు నాకూ స్టూడియో ఉంది, అరచేతి వెడల్పు లెన్సులున్నాయి. జనం జేబుల్లోంచి ఫోన్లు తీసి "నాది నూట ఎనిమిది మెగాపిక్సెళ్లు" అంటే, పాస్‌పోర్టు ఫొటోకు వచ్చినవాళ్లను కూడా వదలకుండా ఇప్పచెట్టు కింద కూర్చోబెట్టి అరగంట పాఠం చెబుతాను. (ఈమధ్య బస్సు కోసం చూసేవాళ్లు మా అరుగు మీద కాక ఎండలో నిలబడుతున్నారు. కారణం తెలియదు.) మొన్న పాత సీడీలు సర్దుతుంటే ఆ వెండిరంగు కెమెరాతో, చెయ్యి చాచి, నన్ను నేనే తీసుకున్న ఫొటో ఒకటి దొరికింది. మామ స్టూడియో లోపల, అదే మసక వెలుగులో. ఎంతో ఇష్టంగా పెద్దది చేసి చూశాను. వెనక గోడంతా ఎర్ర చుక్కలు, నీలి చుక్కలు. ముఖం మాత్రం నున్నగా, అంతా తెలిసినట్టు నవ్వుతూ, ఒక్క అనుమానపు గీత కూడా లేకుండా ఉంది. పాపం, ఆ ఒక్కసారి కెమెరా ఏ తప్పూ చేయలేదు. తుడిచేయడానికి ఆ ముఖం మీద అప్పటికి ఏమీ లేదు.